కలిపాక చెవి తీసెయ్యాలి

వయసు మళ్ళిన పెద్దల కాలనీలో అందరూ ఆమెను ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గానీ, గొంతు మాత్రం ఇప్పటికీ ఖంగుమంటుంది. ఆ గొంతు వింటే లిఫ్టు కూడా ఉలిక్కిపడి ఆగుతుందని పక్కగది టైలరు మాస్టారు వేళాకోళం చేసేవారు. నాలుగు రోజులుగా ఆయన వేళాకోళం మానేశారు.

ఆ రోజు మధ్యాహ్నం మాస్టారి కూతురు ఓ కాగితం పట్టుకుని ఆపరేటరమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"పిన్నిగారూ, మీరైనా నిజం చెప్పండి. నాన్నకి మతి తప్పుతోందా?"

ఆ కాగితం పంపింది గోడ మీది తెల్ల డబ్బా. కాలనీలో ప్రతి గదిలోనూ అలాంటిది ఒకటుంది. ఎవరైనా కింద పడితే ఆఫీసుకు కబురు పెట్టడం దాని పని అనుకున్నారందరూ. అది రోజంతా మాటలు కూడా వింటుందనీ, విన్నదానిపై పిల్లలకు రిపోర్టు పంపుతుందనీ ఎవరికి తెలుసు! "సాయంత్రం నలభై నిమిషాలు ఒంటరిగా సంభాషణ. అయోమయ లక్షణం. మూడో బ్లాకుకు సిఫారసు" అని ఉంది అందులో. మూడో బ్లాకంటే తలుపులకు బయట గడియ వేసే చోటు. కూతురు సంతకం పెడితే రేపే మార్చేస్తామని మేనేజరు చెప్పాడట. మాస్టారి చెవినైతే నాలుగు రోజుల కిందటే వేశాడట.

ఆపరేటరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఆ డబ్బాకు సరేనన్నది మాస్టారు కాదు మరి, తనే.

ఆర్నెల్ల కిందట హాల్లో అందరికీ కొత్త ఫోన్లు పంచారు. కళ్ళజోడు మరిచిపోయి వచ్చిన మాస్టారు "కాస్త చూడమ్మా" అని ఫోను ఆమె చేతిలో పెట్టారు. తెర నిండా ఆ డబ్బా షరతుల బారెడు రాత, అడుగున వెలుగుతున్న పచ్చ బటను. వెలుగు కనబడితే ఆమె చెయ్యి ఆగుతుందా? ఎక్స్చేంజిలో బోర్డు మీద దీపం వెలగ్గానే తీగ దూర్చి కాల్ కలిపెయ్యాలి. కాస్త ఆలస్యమైతే వెనక నిలబడ్డ సూపర్‌వైజరు గొంతు సవరించుకునేది. ఆ అలవాటు కొద్దీ ఠక్కున నొక్కేసింది. నొక్కి, ఎంత చురుకో అని అందరిచేతా మెప్పు కూడా పొందింది, మహాతల్లి!

ఆ ఎక్స్చేంజి గది ఆమెకు కళ్ళముందు మెదిలింది. వేడెక్కిన తీగల వాసన, వరసగా పన్నెండు మంది ఆడపిల్లలు, జడల మీద బరువైన హెడ్‌సెట్లు. లైన్లు పల్చబడితే నవ్వులే నవ్వులు. ఎన్ని పెళ్ళి కబుర్లు, ఎన్ని చావు కబుర్లు ఆ తీగల్లోంచి పోయాయో! వినాలంటే ఒక్క మీట కిందికి నొక్కితే చాలు. కానీ చేరిన మొదటి రోజే సూపర్‌వైజరు చెప్పింది: "కలిపాక చెవి తీసెయ్యాలి పిల్లా. వాళ్ళ మాటలు వాళ్ళవి." ముప్పై ఏళ్ళూ ఆ మాట మీదే నిలబడింది. తీరా ముసలితనంలో, ఎత్తడానికి మీటే లేని చెవినొకదాన్ని తన చేత్తోనే ఓ మనిషి గదికి తగిలించింది. ఆమె లేచి చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"తప్పు నాదమ్మా. పద, మేనేజర్ని కూడా రమ్మను" అంది.

మాస్టారి గదిలో మేనేజరు విసుగ్గా నిలబడ్డాడు. "అందరూ ఒప్పుకున్నదే కదండీ?"

"ఒప్పుకున్నది నా వేలు నాయనా, ఆయన కాదు. ఫోన్లో ఆ రాతంతా తెరిచి చూపించు. చదువుతాను."

"మొత్తమా?"

"మొత్తమే. పై ఊరికి ట్రంకు కాల్ కోసం జనం పూటంతా కాచుకునేవాళ్ళు. నువ్వో గంట కూర్చోలేవూ?"

ఖంగుమనే గొంతుతో చదివింది. మేనేజరు రెండుసార్లు ఆవలించాడు. పదిహేడో పేజీలో దొరికింది: పడితే కబురు పెట్టడం ఒకటి, మాటలు వినడం ఇంకొకటి. దేనికది విడిగా వద్దనుకోవచ్చు.

మాస్టారు ఫోను పట్టుకుని ఆమె వంక చూశారు. "ఏది నొక్కనమ్మా?"

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. "చెప్పను మాస్టారూ. ఈసారి మీ వేలే."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ రెండు వరసలూ తనే చదువుకున్నారు. పడితే కబురు ఉండనిచ్చారు. మాటలు వినడం తీసేశారు.

"బాగానే ఉంది. మరి మూడో బ్లాకు?" అన్నాడు మేనేజరు. అందరూ కూతురి వంక చూశారు.

ఆ పిల్ల తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "నాన్నా, సాయంత్రాలు ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఇంకెవరితో? మీ అమ్మతో." ఆ జవాబుకి కూతురి మొహం పాలిపోయింది. ఆయన ఆమె తల నిమిరారు. "పోయిందని తెలుసులే తల్లీ. నా చేతుల్లోనే కదా పోయింది! తెలిసే మాట్లాడుతున్నా. పెళ్ళయిన నాటి నుంచీ, సాయంత్రం మిషను ఆపగానే ఆ రోజు ఎవరొచ్చారో, ఎవరి జాకెట్టు బిగుతైందో అన్నీ దానికి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పకపోతే నాకు పొద్దు పోదు."

కూతురు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మేనేజరు చేతిలో పెట్టేసింది. సంతకం లేదు. అతను నసుగుతూ వెళ్ళిపోయాడు.

అప్పటికి పొద్దు వాలింది. "ఇదే వేళ" అన్నారు మాస్టారు మెల్లగా. "నువ్వొచ్చావని చెప్పాలి దానికి. కూర్చుంటావా?"

కూతురు స్టూలు లాక్కుని కూర్చుంది. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూసి "అమ్మా..." అంది. స్టూలు కాస్త ముందుకు జరుపుకుంది. మళ్ళీ "అమ్మా, నేనే" అంది.

ఆ తర్వాత మాట వినాలని ఆపరేటరమ్మకు ఎంత ఆశ పుట్టిందో! అయినా మోకాళ్ళు పట్టుకుని లేచి, బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసింది. తన గదిలోకి వచ్చింది. గోడ పల్చన, పక్కగది మాటలు వినబడతాయి. కొళాయి గట్టిగా తిప్పి, పొద్దున్నే కడిగి బోర్లించిన గిన్నెలన్నీ మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.