మేనల్లుడి నడుము, నా సూది

మనిషి ఒంట్లో కొవ్వును సూదీదారంతో కరిగించిన దర్జీ ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి నేనే. నమ్మకపోతే మా మేనల్లుణ్ణి అడగండి.

వాడిది ఫైరింజను మీద ఉద్యోగం. నలభై మూడేళ్లొచ్చేసరికి మంటల దగ్గరికి వాడికంటే ముందు వాడి పొట్ట చేరేది. పై అధికారి రెండు నెలలు గడువిచ్చాడు. యాభై కిలోల ఇసుక బస్తా మోసుకుని నాలుగంతస్తులు ఎక్కాలి, లేదా బండి దిగి టెలిఫోను ముందు కుర్చీలో కూర్చోవాలి.

"కుర్చీలో కూర్చోబెడితే చచ్చిపోతాను మావయ్యా!"

"నీ సంగతి సరేరా, ముందు ఆ కుర్చీ బతుకుతుందో లేదో చూడు."

మా చెల్లెలు కొడుక్కి వేపుళ్లు, తీపి ఆపేసి ఉడికిన గుడ్లు, పప్పు, కూరగాయలు పెట్టింది. వాడు పది కిలోల బస్తాతో మెట్లెక్కడం మొదలుపెట్టి వారం వారం బరువు పెంచాడు. నెల తిరిగింది. తూకం ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఇక నా వల్ల కాదు," అని బస్తా మీదే కూలబడ్డాడు.

ప్యాంటు వెనక కుట్టులో మేం కాస్త బట్ట అదనంగా వదులుతాం, లావయ్యేవాళ్ల కోసం. ఇస్త్రీకి ఇచ్చిన వాడి ప్యాంటుకు ఆ కుట్టు విప్పి, వాడికి తెలియకుండా శనివారానికో అరంగుళం వదులు చేశాను. సోమవారం ఎగురుకుంటూ వచ్చేవాడు.

"మావయ్యా, వదులైంది!"

"పొట్ట తగ్గితే అవదేంట్రా? ముల్లుకేం తెలుసు!"

నాలుగు వారాలకు బట్ట అయిపోయింది. పరీక్ష ఎల్లుండి. ఇక నేను వదులు చేయడానికేమీ లేకపోయినా, వాడు జారిపోతున్న ప్యాంటును నడుం దగ్గర గుప్పిట్లో పట్టుకుని వచ్చాడు. అంతవరకూ నేను టేపు ముట్టలేదు. అబద్ధమాడేవాడు కొలత చూడడు కదా. అప్పుడు చూశాను. నడుము నిజంగానే రెండున్నర అంగుళాలు తగ్గింది, భుజాలూ తొడలూ పెరిగాయి. కొవ్వు పోయినచోట కండ వచ్చి కూర్చుంటే ముల్లెలా కదులుతుంది?

ప్యాంటు బిగించాల్సింది. కానీ బిగిస్తే పొట్ట మళ్లీ పెరిగిందనుకుని డీలాపడతాడేమోనని ఊరుకున్నాను. బెల్టు చివరి రంధ్రానికి బిగించి పంపాను.

పరీక్ష రోజు మూడో అంతస్తు మెట్ల మీద ప్యాంటు జారింది. రెండు చేతులూ బస్తా మీదే ఉన్నాయి. చూడ్డానికొచ్చిన మా చెల్లెలు కింద నుంచి అరిచింది: "ప్యాంటు పోతే పోనీరా! బస్తా వదలకు!"

మోకాళ్ల దగ్గర ప్యాంటుతో, భుజాన బస్తాతో నాలుగో అంతస్తు చేరాడు. అధికారి తల పక్కకు తిప్పుకునే సంతకం పెట్టాడు.

మేనల్లుడు ఇంటికొచ్చి ప్యాంటు తిరగేసి వరసగా ఉన్న సూది రంధ్రాలు చూశాడు.

"మావయ్యా, ఇవేంటి?"

చెప్పేశాను. వాడి మొహం పాలిపోయింది. "అంటే నేను తగ్గలేదా?"

"తగ్గావురా సన్నాసీ! సగం నేను దొంగతనంగా చేశాను, మిగతా సగం నువ్వు నిజంగా చేశావు. నాకే తెలియలేదు."

మరి కరిగించింది నా సూదేనా అంటే, కాదు. గుడ్లు, మెట్లు, వాడి మొండితనం. ప్యాంటు జారడం మాత్రం నిజం. మోకాళ్ల దాకా అన్నది నా కల్పన. తుంటి దగ్గరే ఆగింది. అక్కడ ఇంకా కొంత సరుకుంది లెండి.