ఏసీలో ఉండిపోయిన మాట

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో అమల రోజుకి ఆరు గంటలు కెమిస్ట్రీ చెబుతుంది. నూటఇరవై మంది పిల్లలు, పనిచెయ్యని మైకు. సాయంత్రం మెట్రోలో నిలబడే ఎల్.బి.నగర్ వచ్చి, మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, పడకగదిలో కిటికీ ఏసీ వేసుకుని మంచం మీద వాలిపోతుంది. చల్లగాలితో పాటు భర్త గౌతమ్ మాట కూడా వస్తుంది.

"ఈ ఒక్క ఏడాదీ ఓపిక పట్టు అమలా."

అతను ఆ మాట అన్నది మూడేళ్ల కిందట, ఏసీ బిగించిన రోజున. ఏసీలో గది గాలిని బయటికి పంపే వెంట్ ఒకటుంది; అది తెరిస్తే చల్లదనమంతా బయటికి పోతుందని గౌతమ్ దాని చిన్న పుల్లని క్లోజ్ వైపు నెట్టి, కదలకుండా టేపు కూడా అంటించాడు. ఇక మాట మాత్రం ఎటు పోతుంది? మిగతా మాటలన్నీ దుమ్ముతో పాటు ఫిల్టర్లో చిక్కుకునేవి. ఇదొక్కటీ గదిలోనే తిరుగుతూ ఉండిపోయింది. గౌతమ్‌కి దాన్ని మళ్లీ అనే శ్రమ లేకుండా పోయింది. ఏటా మే నెలలో సెంటర్ వాళ్లు వచ్చే ఏడాదీ పాఠాలు చెబుతారా అని అడిగేవారు, ఏసీ తన మాట తను అనేది, అమల సరేననేది.

ఈ మే నెలలో డాక్టర్ గట్టిగా చెప్పేశాడు. గొంతు లోపల కాయలు కాశాయి, ఇంకో ఏడాది ఇలాగే అరిస్తే గొంతు మళ్లీ రాదు. గౌతమ్‌తో చెబుదామని అమల రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఏసీయే ముందు అందుకుంది. సెంటర్ వాళ్లు శనివారం ఐదింటికల్లా ఏదో ఒకటి తేల్చమన్నారు.

ఆ శనివారం మధ్యాహ్నమే సర్వీసింగ్‌కి హయత్‌నగర్ నుంచి లింగస్వామి వచ్చాడు. పొద్దుట్నుంచి అతనికిది ఏడో ఇల్లు. చెంబెడు నీళ్లు తాగి, ఏసీ ముందు మూత ఊడదీసి, టేపు చూసి తల కొట్టుకున్నాడు.

"ఏంది మేడమ్, గీ పుల్లకు టేపేసిండ్రు?"

"తెరిస్తే చల్లదనం పోతుందని మావారు..." అమల గొంతు సగంలోనే ఆగిపోయింది.

"జర పోతది. పోతే పోనియ్యుండ్రి. మూస్తే లోపలి గాలే లోపల తిరుగుతది. తెరిస్తే పాత గాలి జరంత బయటికి పోతది. గంతే."

ఫిల్టర్ కడిగి బిగించి ఏసీ వేశాడు. మాట వచ్చింది. లింగస్వామి తల వంచి విన్నాడు.

"సార్‌దా? గిది మామూలే. మొన్న వనస్థలిపురంల ఒకరింట్ల అత్త తిట్లు ఎనిమిదేండ్ల సంది తిరుగుతున్నయి. ఆ అత్తా కోడలు ఎప్పుడో కలిసిపోయిండ్రు. తిట్లే ఆగలె."

టేపు పీకి పుల్లని ఓపెన్ వైపు లాగాడు. మాట గది చుట్టూ ఒకసారి తిరిగి, ఏసీ వెనక నుంచి రోడ్డు మీదికి వెళ్లిపోయింది. కింద సిగ్నల్ దగ్గర బస్సులూ ఆటోలూ రెండు నిమిషాలు హారన్ కొట్టలేదు. తర్వాత మామూలే.

లింగస్వామి ఎనిమిదో ఇంటికి వెళ్లిపోయాడు. గదిలో మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. తను ఎంత అలసిపోయిందో అప్పుడు తెలిసి అమలకి ఏడుపొచ్చింది.

ఐదింటికి ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ ఏసీ వైపు చూసింది. గాలి వచ్చింది, అంతే. ఈసారి జవాబు తనే చెప్పుకోవాలి.

"రాను సార్," అంది. అవతల వినపడలేదేమో, గొంతు కూడదీసుకుని ఇంకోసారి చెప్పింది. "రాను."

గౌతమ్ ఆరున్నరకి వచ్చాడు.

"వాళ్లకి ఏం చెప్పావు?"

"రానని."

"అదేంటి అమలా, ఈ ఒక్క..."

మిగతాది ఆమె దాకా రాలేదు, వెంట్ లాగేసుకుంది. గౌతమ్ మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అంతే. విసుగొచ్చి పక్కకి తిరిగితే బల్ల మీద డాక్టర్ చీటీ కనిపించింది. చదివాడు. ఇంకోసారి చదివాడు. వచ్చి మంచం మీద ఆమెని ఆనుకుని కూర్చున్నాడు.

"బాగా నొప్పిగా ఉందా?"

అమల తలూపింది. ఆ మాట బయటికి పోకముందే గబుక్కున లేచి వెళ్లి వెంట్ మూసేసింది.