స్నేహలత రిపోర్టు

ఆ ఆదివారం కాజీపేటలోని ఆ ఇంట్లో ఐదుగురున్నారు. కుర్చీలో మామ దావీదు, మంచమ్మీద అత్త సారమ్మ, గోడకానుకుని ఫోను చూస్తూ భర్త రాజేష్, చర్చికి వేసుకున్న కొత్త చొక్కా ఇంకా విప్పని మరిది విన్సెంట్. వంటింటి గడపలో, కోడికూర గరిటెతో కోడలు హెప్సిబా.

పొద్దున ఆరాధనలో పాస్టరు విన్సెంట్, స్నేహలతల పెళ్లి ప్రకటన మొదటిసారి చదివాడు. ఇంకా రెండు ఆదివారాలు చదవాలి. అభ్యంతరమున్నవాళ్లు ఆలోపే చెప్పాలి. చర్చి బయట ఎవరో సారమ్మ చెవిన వేశారు, ఆ పిల్ల హనుమకొండలో హెప్సిబా పనిచేసే ల్యాబులోనే రక్తపరీక్ష చేయించుకుందని.

"ఏమన్న రోగమున్నదా ఆ పిల్లకు?"

"అక్కడికి ఎవలొచ్చిండ్రో, రాలేదో మేం బయట చెప్పొద్దు అత్తమ్మా."

"ఇంటోళ్లకు చెప్పకుంటె ఇంకెవలికి చెప్తవ్?"

"వదినె దగ్గర మిలిట్రీ రహస్యాలున్నయే అమ్మా!" విన్సెంట్ నవ్వాడు.

రాజేష్ నవ్వలేదు. "ఉన్నదా, లేదా? ఒక్క మాట. తమ్ముని బతుకిది."

"స్నేహలతనే అడుగుండ్రి."

"ఆడపిల్లను మొఖం మీద అడుగుతమా? వద్దని కబురు పంపుడే నయం," అన్నాడు దావీదు.

ఆ రిపోర్టు హెప్సిబా చూసింది. అందులో ఏ రోగమూ లేదు. 'లేదు' అన్న ఒక్క మాటతో ఆ పిల్ల పెళ్లి నిలబడుతుంది, తనకూ ఈ ఇంట్లో ఇంత మర్యాద దొరుకుతుంది. కానీ ఈ రోజు లేదని చెబితే, రేపు ఇంకో పిల్ల గురించి అడిగినప్పుడు తను నోరు మూసుకోవడమే ఉందని చెప్పడమవుతుంది. చర్చి నుంచి వచ్చింది మొదలు పొయ్యి దగ్గరే ఉన్న తనను తిన్నావా అని అడగని వీళ్లకు ఇదెట్లా వివరించాలి?

సారమ్మ వైపు చూసింది. పోయిన ఎండాకాలం ఈ అత్తే ముసుగేసుకుని ఆ ల్యాబుకొచ్చి, "ఇంట్ల ఎవలికీ చెప్పకు బిడ్డా," అని చేతులు పట్టుకుంది. రాజేష్‌కు ఈనాటికీ తెలియదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. హెప్సిబా మింగేసింది.

"ఎవలడిగినా, ఎవల గురించడిగినా నేను చెప్ప."

"అయితె లోపట్నే ఉండు. మా ఇంటి ముచ్చట మేం మాట్లాడుకుంటం," అన్నాడు రాజేష్.

సారమ్మ మంచం దిగి వచ్చింది. కోడలి మొహం చూడకుండా వంటింటి తలుపు బయటి నుంచి మూసేసింది.