ముడిపడని నుదురు

ముప్పై ఏళ్లుగా టీవీ సీరియళ్లలో మల్సున్‌కు పేరున్న పాత్ర దక్కలేదు. సంతలో చేపలమ్మే ఆవిడ, ఆసుపత్రి వరండాలో ముసలావిడ, అంతే. అలాంటిది అరవై దాటాక ఒక దర్శకుడు ఆమె ఫోటో చూసి, కొడుకు శవం ముందు ఏడ్చే తల్లి వేషానికి పిలిచాడు. ఆ కబురు మొట్టమొదట తోటి నటి జంగిమ్‌కే చెప్పింది. సియోల్‌లో స్టూడియో గుమ్మం ఇద్దరూ కలిసే తొక్కారు, పస్తుల రోజుల్లో ఒకే గిన్నెలో తిన్నారు. పైగా మల్సున్ నోట్లో నువ్వుగింజ నానదు.

జంగిమ్ సంబరపడిపోయింది. మల్సున్ పుట్టినరోజుకు ఆనవాయితీగా తాగే సముద్రపు నాచు పులుసు కాచి తెచ్చి, దగ్గర కూర్చుని తినిపించి, అప్పుడు అసలు సంగతి ఎత్తింది. ఈ కాలం కెమెరాలకు ఏదీ దాగదట. ఎండు పండులాంటి ఆ మొహంతో వెళ్తే దర్శకుడు దడుసుకుంటాడట. అప్గుజంగ్ పేటలో మొహాలు దిద్దే తెలిసిన క్లినిక్ ఉందట, ఖర్చు తన కానుకట.

"మనిద్దరం కలిసే చేయించుకుందాం అక్కా," అంది.

ఆ ఒక్క మాటకే మల్సున్ పడిపోయింది.

డాక్టర్ ముక్కు పక్క మడతల్లో ఫిల్లర్ నింపాడు. కనుబొమల మధ్యా, నోటి మూలల్లోనూ బొటాక్స్ పొడిచాడు. ఒకటి గుంట పూడుస్తుంది, ఇంకొకటి మళ్లీ ముడి పడనివ్వదు, రెండూ కలిస్తేనే పని అన్నాడు. తెర అవతలి మంచం మీద జంగిమ్ మూలుగుతూనే ఉంది, పాపం.

తీరా వెళ్తే దర్శకుడు ఆమె మొహాన్నీ చేతిలోని ఫోటోనూ మార్చి మార్చి చూసి, తాను పిలిచింది ఈవిడను కాదన్నాడు. బతిమాలి గడువు తీసుకుని మల్సున్ క్లినిక్‌కు పరుగెత్తింది. ఫిల్లర్‌ను కరిగించే సూది ఉందన్నారు. బొటాక్స్‌కు మాత్రం విరుగుడు లేదట, నెలల తరబడి ఓపిక పట్టాలట.

"మీతో వచ్చినావిడ విటమిన్ సూది ఒక్కటే వేయించుకున్నారు కదా, బాగానే ఉన్నారా అమ్మా?" అని నర్సు మాటల మధ్య అడిగింది.

అప్పటికీ మల్సున్, సూదికి భయపడి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. పిచ్చి మనసు! ఆ కరిగించే సూదితో మడతలు తిరిగొచ్చాక మళ్లీ దర్శకుడి ముందు నిలబడింది. కళ్లవెంట నీళ్లు కారాయి, నుదురు మాత్రం కదల్లేదు.

"కన్నీళ్లు వస్తున్నాయండీ, ఏడుపే రావట్లేదు," అన్నాడతను, నొచ్చుకుంటూనే.

ఆ వేషం జంగిమ్‌కు వెళ్లిందని మేకప్ ఆవిడ చెప్పింది. మల్సున్ అటునుంచటే, ఇద్దరూ ఎప్పుడూ తినే పులుసు దుకాణానికి నేరుగా వెళ్లింది. జంగిమ్ తలెత్తి, బిక్కచచ్చి, ఆమె మొహంలోకి కాసేపు చూసి, ఊపిరి పీల్చుకుంది.

"వచ్చి జుట్టు పట్టుకుంటావని ఎంత హడలిపోయానో అక్కా. నీ మొహం చూశాక ప్రాణం కుదుటపడింది. నీకు కోపం లేదు," అని ఎదుట చెంచా పెట్టింది.

మల్సున్ శక్తికొద్దీ కనుబొమలు ముడవబోయింది. రాలేదు. నోటి మూలలు పెళ్లి ఫోటోలోలా పైకే ఉన్నాయి.

"పులుసు పోసిన చేత్తోనే నా పీక కోశావే," అంది. "ఇన్నేళ్లూ పక్కన కూర్చున్నది, ఎక్కడ కోస్తే తెగుతుందో చూసుకోవడానికా?"

పక్క బల్ల దగ్గర ముసలాయన చప్పట్లు కొట్టాడు. అక్కాచెల్లెళ్లంటే ఇలా ఉండాలి, తిట్టుకున్నా నవ్వు మొహమే అని తోటివాళ్లకు చూపించాడు. అందరూ నవ్వారు.

వాళ్లతో కలిసి జంగిమ్ కూడా నవ్వింది.