విరిగిన మందు

మా మరిది పెంచలప్రసాద్‌కి తెలియని విషయం ఉదయగిరి మండలంలోనే లేదు. ఉంటే అది విషయమే కాదని అతనే తేల్చేస్తాడు.

మొన్న వంగతోటకు పురుగుమందు కొట్టాక రెండు చెంబుల మందు నీళ్లు మిగిలాయి. డ్రమ్ము పగిలిందని ఈ మహానుభావుడు ఆ మందు కలిపింది నా గొర్రెలు నీళ్లు తాగే ఇత్తడి గంగాళంలో! పారబోసి, సబ్బుతో కడగమన్నాను. నవ్వాడు. అది కార్బమేట్ మందట, మట్టిలోనైనా ఒంట్లోనైనా తొందరగా విరిగిపోయే రకమట, ఆత్మకూరు మందుల కొట్టాయన చెప్పాడట. విరగడమంటే ఏమిటో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. పాలు విరగడం చూశాడు కదా, ఆ మిడిమిడి జ్ఞానం చాలు. చింతపండు తెచ్చి గంగాళంలో పిసికాడు.

తెల్లారేసరికి అడుగున మడ్డి, పైన తేట.

"చూడు వదినా, ఎట్టా విరిగిందో" అన్నాడు.

నేను పేడ ఎత్తి వచ్చేలోపు ఆ తేటలోనే బిందెడు నీళ్లు పోశాడు. సూడిగొర్రె తాగేసింది. అది నా పుట్టింటివాళ్లు ఇచ్చిన గొర్రె, నా గొర్రెల మంద మొత్తం దాని సంతానమే. కాసేపటికే చొంగ కారుస్తూ, వణుకుతూ కూలబడింది. నా ప్రాణం పోయినట్టయింది.

పశువుల డాక్టరమ్మ కరుణశ్రీ వచ్చి సూది వేసింది. చింతపండు సంగతి విని నెత్తి కొట్టుకుంది. పులుపులో ఈ మందు విరగదట, పైగా నిలవుంటుందట. చాకలిసోడా నీళ్లయితే కొంతన్నా విరిగేదట.

"ఇంక దాని ఒళ్లే మందుని విరగ్గొట్టుకోవాల. అందాకా ఊపిరి నిలబెట్టేదే మన పని" అని, అక్కడే కూర్చుని మళ్లీ మళ్లీ సూది వేసింది. నేను దాని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. మరిది సలహాలు చెబుతూ నిలబడ్డాడు.

పొద్దుగూకేసరికి గొర్రె లేచింది.

మర్నాడు టీ కొట్టు దగ్గర మరిది కోతలు కోస్తున్నాడు. చింతపండు పిసకబట్టే గొర్రె బతికిందట, లేకుంటే అక్కడికక్కడే పోయేదట. వినేవాళ్లు తలలూపుతున్నారు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి పోయి, మూతపెట్టి ఉంచిన గంగాళంలోంచి చెంబుడు ముంచుకొచ్చి అందరిముందూ అతని చేతిలో పెట్టాను.

"విరిగిపోయిందంటివి గదా ప్రసాదూ. రెండు గుక్కలు తాగు."

చెంబు వంక చూశాడు, నా వంక చూశాడు. దప్పిక లేదన్నాడు. చెంబు మెల్లగా కింద పెట్టి, చేతులు కడుక్కోవాలని టీ కొట్టాయన్ని సబ్బు అడిగాడు.