బతికున్నదాని మీద శోకం

మూసిన రెప్పల లోపల ఎండ ఎర్రగా ఉంటుంది.

నలుపు కాదు. ఎరుపు. పల్చగా, కదులుతూ... ఎవరో లోపలి నుంచి గుడ్డ ఊపుతున్నట్టు.

చచ్చిపోయినవాళ్లకు ఈ ఎరుపు కనిపిస్తుందో లేదో నాకు తెలియదు. నాకు కనిపిస్తుంది. నేను నాలుగుసార్లు చచ్చిపోయాను. నాలుగుసార్లూ మధ్యాహ్నమే.

మా సినిమాలకు లైట్లు లేవు. ఎండే లైటు. ఎండ ఎటుంటే అటు నా మొహం. ఆ ఎండను నా మొహం మీదికి తిప్పడానికి తెల్లటి థర్మాకోల్ అట్ట ఒకటి, దాన్ని పట్టుకోవడానికి ఎవరు దొరికితే వాళ్లు. మబ్బు వస్తే ఆగుతాం. మబ్బు పోతే ఏడుస్తాను.

రమాకాంత్ అన్నకు పరకాలలో ఫ్లెక్సీలు కొట్టే షాపుంది. సెలవు రోజుల్లో మా ఊరొచ్చి ఫోన్‌తో సినిమాలు తీస్తాడు. పది నిమిషాలవి, పావుగంటవి. యూట్యూబ్‌లో పెడతాడు. ఫోన్ పట్టుకునేది షకీల్ అన్న. కథలో ఆడపిల్లను నేను.

నేనంటే హారికను. ఇంటర్ రెండో సంవత్సరం. క్లాసులో పేరు పిలిస్తే నా 'ప్రెజెంట్ సార్' ముందు బెంచీ దాకా కూడా వెళ్లదు. బస్సు మా ఊరి స్టేజీ దాటిపోతున్నా ఆపమని అనలేను. తరువాతి ఊళ్లో దిగి నడిచి వచ్చాను. రెండుసార్లు.

కానీ ఎండలో నిలబెట్టి, ఇప్పుడు నువ్వు ఫలానా — అంటే...

అవుతాను.

మొదట కూతురినయ్యాను. చేను గట్టు మీద సద్ది గిన్నె పట్టుకుని నడవాలి. అంతే. నడిచాను.

తర్వాత పెళ్లికూతురిని. తల దించుకోవాలి.

తర్వాత కోడలిని. అత్త కొడుతుంది. తల దించుకోవాలి.

తర్వాత తల్లిని. నా కొడుకు నాకంటే రెండేళ్లు పెద్ద, డిగ్రీ చదువుతున్నాడు. నా జుట్టుకు పౌడరు రాశారు. 'అమ్మా' అని వాడు నా కాళ్ల మీద పడితే నవ్వొచ్చింది. నవ్వకూడదు. తల దించుకున్నాను.

దయ్యాన్ని కూడా అయ్యాను. తల ఎత్తి, జుట్టు విరబోసి, కళ్లు పెద్దవి చేసి చూడాలి. చూశాను. కానీ దయ్యం కావాలంటే ముందు చచ్చిపోవాలి కదా.

ఖిలా వరంగల్‌లో రాకుమారినయ్యాను. అద్దె కిరీటం. దాని తీగ చెవి వెనక గుచ్చుకుంటోంది. రాతి తోరణం పక్కన నిలబడి, యుద్ధానికి పోయిన రాజు కోసం ఎదురుచూడాలి. యుద్ధం రాజుది. ఎదురుచూపు నాది. నాకు కత్తి లేదా అన్నా — అని అడగాలనుకున్నాను. నోటి దాకా వచ్చింది. ఈలోగా సెక్యూరిటీ ఆయన ఈల వేసుకుంటూ వచ్చాడు. కిరీటం సంచిలో పెట్టుకుని బస్సెక్కాం.

ఒక్కసారి కండక్టరునయ్యాను.

ఖాకీ చొక్కా. ఆగి ఉన్న బస్సు. 'ముందుకు జరగాలె, ముందుకు!' అని నలుగురు మగవాళ్లను గదమాయించాలి. గదమాయించాను. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో! కడుపులో ఎవరో పొయ్యి ముట్టించినట్టయింది. వాళ్లు జరిగారు. నటన కాదు — నిజంగా జరిగారు.

ఆ ముక్కను రమాకాంత్ అన్న తీసేశాడు.

"కామెడీ అయితాంది హారికా. నువ్వు ఏడిస్తెనే సెట్ అయితది."

నేను ఏడిస్తేనే సెట్ అవుతుంది.

తొమ్మిది సినిమాలు. తొమ్మిది మంది ఆడవాళ్లు. ఒక్కరికీ 'చెయ్యను' అన్న మాట రాయలేదు. రాయమని నేనూ అడగలేదు.

ఇది పదోది.

ఇందులో పెళ్లయిన ఆరు నెలలకు జ్వరం వచ్చి పోతాను. పోయాక మొగుడికి నా విలువ తెలుస్తుంది. అదీ కథ.

చావు సీను కోసం అన్న తన షాపులోనే ఫ్లెక్సీ కొట్టించాడు. నిలువెత్తు. పదో తరగతి ఫోటోలో నేను. మెడలో దండ. అటొక దీపం, ఇటొక దీపం. శనివారం మధ్యాహ్నం ఊరి మొదట్లో కరెంటు స్తంభానికి కట్టాం. ఒక్క షాట్ అయ్యేసరికి మబ్బు పట్టింది. మిగతాది రేపు తీద్దామనుకుని విప్పకుండా వదిలేశాం.

మా దగ్గర మనిషి ఫ్లెక్సీ ఎక్కేది మూడింటికే. పుట్టినరోజుకు, పదవికి, చావుకు. చదువు రానివాళ్లు కూడా తేడా చెబుతారు. దీపాలుంటే — పోయినట్టు.

సమ్మమ్మ అత్తకు చదువు రాదు. నాన్నకు అక్క. ఉండేది నర్సంపేట అవతల. ఆ సాయంత్రమే మమ్మల్ని చూడటానికి బస్సు దిగింది. నెత్తిన కొత్త మిరపకాయల మూట. దిగి, చీర సర్దుకుని, తల ఎత్తింది.

మూట కింద పడి విప్పుకుంది. తారు రోడ్డు మీద ఎర్రెర్రగా మిరపకాయలు...

ముందు ఏడుపు వచ్చింది మా ఇంటికి. ఏడుపు వెనక అత్త. అత్త వెనక ఊరు.

నేను దొడ్లో నల్లా దగ్గర మొహం కడుక్కుంటున్నాను. పౌడరు, కాటుక, జ్వరం చెమట కోసం పూసిన కొబ్బరినూనె. గోడకు అవతల అత్త.

"ఓ నా బిడ్డో..."

వెంటనే పోవాలి. ఉన్నాను అత్తా — అనాలి.

పోలేదు.

నల్లా కట్టేశాను. నీళ్ల చప్పుడులో వినిపించదని.

మా వైపు పోయినవాళ్ల మీద ఊరికే ఏడవరు. శోకం పెడతారు. ఆ మనిషి ఎలా బతికిందో ఒక్కొక్కటీ చెబుతూ, రాగం తీస్తూ ఏడుస్తారు. వీధి చివరి ముసలామె పోయినప్పుడు ఆమె వేసిన నాట్లు, తిట్టిన తిట్లు, పురుడు పోసిన పిల్లలు, అలిగి పుట్టింటికి పోయిన ఎండాకాలం — అన్నీ వచ్చాయి. పొద్దున మొదలైతే మధ్యాహ్నమైనా తరగలేదు ఆమె బతుకు.

ఎవరి శోకం వాళ్లకు వినిపించదు.

నాకు వినిపిస్తోంది.

ఏం చెబుతుంది నా గురించి? తడి చేతులు గోడకు ఆనించి నిలబడ్డాను.

"ఎదురుమాట ఎరుగని బిడ్డో...

వంచిన తల ఎత్తని బిడ్డో...

ఉన్నదో లేదో ఇంట్ల తెల్వని బిడ్డో..."

తర్వాత? తర్వాత మళ్లీ ఎదురుమాట. మళ్లీ వంచిన తల. అవే మూడు. తిరిగి తిరిగి అవే మూడు.

గోడకు అవతల ఆడవాళ్లు ముక్కులు చీదారు. "అవును సమ్మక్కా, గసొంటి పిల్ల దొరకది" అన్నారు. సినిమా సంగతి తెలిసినవాళ్లు కూడా.

పదిహేడేళ్లు. మూడు మాటలు.

మూడూ పొగడ్తలే. మూడింటిలోనూ నేను లేను.

తడి మొహంతోనే బయటికి వచ్చాను. శోకం తెగింది.

"సచ్చినదానా! బతికే ఉన్నవా?"

చెంప మీద ఒకటి వేసింది. కౌగిలించుకుంది. వదిలి, ఇంకొకటి వేసింది.

"ఎవడే గా బొమ్మ కట్టినోడు? వాని చేతులిరగ! నా పానం పోయినంత పనైంది గదనే!"

ఊరు పగలబడి నవ్వింది. "పానం సంగతి తర్వాత, నీ మిరపకాయలు బర్లు తొక్కుతానయ్ పో!" అని ఎవరో అరిచారు.

నాయనమ్మ చిలుకమ్మ మాత్రం నవ్వలేదు. గడప మీద కూర్చుని, వక్క నములుతూ తీర్పు చెప్పింది.

"మంచిగైంది. కాకి తన్నితె ఏం జేస్తం? చుట్టాలకు ఉత్తుత్తి సావు కబురు పంపుతం. ఆళ్లు ఏడుస్తె గండం పోతది. ఇదీ గట్లనే. పిల్లకు నూరేండ్లు."

నాన్న కూడా నవ్వలేదు. చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"రేపటిది మాటిచ్చినం. చేయనీ. గంతే... ఇగ సినిమాల్లేవ్."

నాన్న కోపంగా అనలేదు. అదే నా భయం. కోపమైతే చల్లారుతుంది.

అంటే రేపటిది ఆఖరు.

అంటే నా ఆఖరి వేషం — శవం.

పొద్దున్నే రమాకాంత్ అన్న వచ్చి అత్త కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. తప్పైందని కాదు. నిన్న ఏడ్చినట్టే ఈ రోజు కెమెరా ముందు ఏడవమని.

"ఉన్న పిల్ల మీద మళ్ల ఎట్ల ఏడుస్తరయ్యా? పాపం తగలదా?"

"ఏడువే," అంది నాయనమ్మ. "ఇంకో పదేండ్లు పెరుగుతది."

అత్త లోపలికి పోయి జరీ చీర కట్టుకొచ్చింది. షకీల్ అన్న నెత్తి పట్టుకున్నాడు.

"శోకానికి గింత మెరుపుదా అత్తమ్మా?"

"ఫోన్ల అందరు జూస్తరు. పాతది కట్టుకుంటనా?"

అందరూ నవ్వుతుండగా అన్న దగ్గరికి వెళ్లాను. థర్మాకోల్ అట్ట వెనక నిలబడి ఉన్నాడు. పది సినిమాల్లో నేనుగా పోయి మాట్లాడటం అదే మొదటిసారి.

"అన్నా... ఈసారి నేను చావను."

ఆయనకు వినిపించలేదు. మళ్లీ అన్నాను. అన్నప్పుడు నా మాట నాకే కొత్తగా ఉంది.

"మరేం జేస్తవ్?"

"జొరం తగ్గుతది. లేస్త."

నవ్వాడు. చెడ్డవాడు కాదు అన్న. నెమ్మదిగానే చెప్పాడు.

"నువ్వు లేస్తె కథేముంది హారికా? ఉన్నప్పుడు ఎవరు జూస్తరు? పోయినంకనే అందరికి యాదికొస్తవ్. గదే గదా పాయింటు."

తల దించుకున్నాను. అలవాటు. నా మెడకు తెలిసిన దారి అదొక్కటే.

వాకిట్లో చాప పరిచారు. తల దక్షిణానికి. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి తెల్లదారంతో కట్టారు. "లూజుగనే కట్టిన చెల్లె, నొస్తె చెప్పు" అన్నాడు షకీల్ అన్న. ముక్కులో దూది పెట్టారు. మా చేను దూదే. నేను ఏరిందే కావచ్చు. వంగి వంగి, నడుం పట్టేసి, వేళ్లు చీరుకుపోయి ఏరింది... ఇప్పుడు నా ఊపిరికే అడ్డం.

రెప్పలు మూశాను.

ఎరుపు.

శవం పొట్ట కదలకూడదు. అందుకని ఊపిరి గొంతు దగ్గరే తీసుకుని గొంతు దగ్గరే వదలాలి. చావడం నాకు బాగా వచ్చు. కామెంట్లలో రాస్తారు — నిజంగా పోయినట్టే ఉంది అక్కా, అని. ఎండ చెంప మీద కాలుతోంది. చీమ ఒకటి మోచేతి మీద నడుస్తోంది. నడవనిచ్చాను. శవానికి చీమ తెలియదు.

"రోలింగ్."

అత్త మొదలుపెట్టింది. జరీ చీరలో ఉన్నా గొంతు మాత్రం నిన్నటిదే. నిజమైనదే.

"ఎదురుమాట ఎరుగని బిడ్డో..."

పళ్లు బిగబట్టాను.

"వంచిన తల ఎత్తని బిడ్డో..."

చాప కింద నేల వేడి. వీపుకు తగులుతోంది. నేల ఏదో అడుగుతోంది.

"ఉన్నదో లేదో —"

ఉన్నాను!

కళ్లు తెరిచాను.

దూది పీకేశాను. కుడి ముక్కుది. ఎడమ ముక్కుది. ఊపిరి కడుపు దాకా పోయింది. లేచాను. బొటనవేళ్లు కట్టి ఉన్న సంగతి మరిచిపోయి నిలబడబోయి, తూలి, అత్త భుజం పట్టుకున్నాను. ఎవరో నవ్వారు. "లేసిందిరో!" అని పిల్లలు అరిచారు. పక్కన ఏడుస్తున్న ఒకామె నిజంగానే జడుసుకుని వెనక్కి జరిగింది.

వంగాను. దారం తెంపాను. నిలబడ్డాను.

రమాకాంత్ అన్న చెయ్యి ఎత్తాడు. కట్ అంటాడు... అంటాడు... అనలేదు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. షకీల్ అన్న ఫోన్ నా మొహం మీదే ఉంది.

దర్వాజ దగ్గర నాన్న. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ మొహంలో ఏముందో నాకు అర్థం కాలేదు. కానీ చూశాను. ఇంతసేపు నాన్న మొహంలోకి ఎప్పుడూ చూడలేదు.

"గది నా శోకం కాదత్తా."

నాన్న మీది చూపు అత్త వైపు తిప్పాను.

"మళ్ల పెట్టు. నేను ఉన్ననని పెట్టు."

అత్త చెంపల మీద నీళ్లు అలాగే ఉన్నాయి. నోరు తెరిచే ఉంది. ఇది సినిమానో కాదో ఆమెకు తెలియడం లేదు. నాకూ తెలియడం లేదు.

"నీ గురించి నాకేం ఎరుకనే?" అంది చివరికి. కోపంగా, దాదాపు ఏడుస్తూ. "ఎన్నడన్న నోరిప్పి చెప్పినవా?"

నిజమే. చెప్పలేదు.

కెమెరా తిరుగుతూనే ఉంది. ఎవరూ రాయని మాట... నేనే వెతుక్కోవాలి. ఎంత వెతికినా ఒక్కటే దొరికింది.

"నాకు కోపమొస్తది అత్తా. మస్తు కోపమొస్తది."

అత్త నన్ను చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. ఆమెకు తెలిసిన రాగం ఒక్కటే. ఆ రాగమే ఎత్తుకుంది.

"కోపమొచ్చే బిడ్డో... నా బిడ్డో..."

ఈసారి ఊరు నవ్వలేదు.

"ఇంకా?" అంది అత్త.

తెరిచిన కళ్లలో ఎండ మండుతోంది. దానికి రంగే లేదు. నీళ్లు కారుతున్నాయి — ఏడుపు కాదు.

మూయలేదు.

"ఇంకా..." అన్నాను.