చిట్లిన బూరె

నా పరిశోధనా పత్రాన్ని అచ్చుకి తీసుకుంటున్నామన్న మెయిల్ వచ్చేసరికి నా చేతులనిండా పూర్ణం. ఫోన్ మా ఆయన సుధీంద్రే తీసి చదివి వినిపించాడు. స్టవ్ ముందే గిర్రున ఒక చుట్టు తిరిగేశాను. పెళ్లయి రెండో నెల, నా చేత్తో మొదటిసారి బూరెలు, పైగా ఈ కబురు. మొదటి వాయి తిని మావయ్యగారు అప్పుడే, వంక పెట్టడానికేం లేదమ్మాయ్ అని కూడా అనేశారు. ఆ శనివారం మా వసంత్ కుంజ్ కాలనీ మొత్తంలో నాకంటే సంతోషంగా ఎవరూ ఉండి ఉండరు.

మావయ్యగారు, కేశవరావుగారు, సెంట్రల్ గవర్నమెంటులో పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యారు. పత్రం దేని మీదని అడిగారు. దేవుడు పరిపూర్ణుడో కాదో, శాస్త్రాల్లో దోషం ఉందో లేదో తర్కం తేల్చగలదా అన్నదాని మీద అన్నాను. ఆయన మిగతాది వినలేదు. ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయారు. కాసేపటికి మా తెలుగువాళ్ల గ్రూపులో మెసేజ్ పడింది. శాస్త్రాల్లో ఏ దోషమూ లేదని మా కోడలు ఇంద్రజ తర్కంతో నిరూపించింది, రేపు ఉదయం సాకేత్ సత్సంగంలో ఆమే మాట్లాడుతుంది, అందరూ రావాలి. కింద దణ్ణాల బొమ్మలు వరసకట్టాయి.

"నేనలా రాయలేదు మావయ్యగారూ," అన్నాను.

ఏం రాశానో చెప్పాను. తర్కాన్ని తీర్పరిగా కూర్చోబెడితే తీర్పు ఎటు వచ్చినా ఒప్పుకోవాలి. మనవైపు చెప్పినప్పుడు నిరూపణ అనీ, ఎదురు చెప్పినప్పుడు దానికేం తెలుసనీ అనకూడదు. నా పత్రమంతా అదే.

ఆయన ముఖం ఎర్రబడింది. భగవంతుడు పూర్ణుడనీ, ఆయనలో లోపం వెతకడానికి మనిషి బుర్ర చాలదనీ గట్టిగానే చెప్పారు. మరి ఆ చాలని బుర్రతోనే లోపం లేదని మాత్రం నేనెలా నిరూపించినట్టని అడిగాను. సర్వీసు మొత్తంలో ఆయన్ని ఎవరూ అలా అడిగినట్టు లేరు. ఈ తెలివితేటలు పెళ్లిచూపుల్లోనే చూపించి ఉంటే బావుండేదన్నారు. నా ఒళ్లు మండిపోయింది.

అసలు మంట మాత్రం సుధీంద్ర పెట్టాడు.

"పోనీలే ఇందూ, నాన్నగారు అన్నట్టే చెప్పేయ్. పది నిమిషాల పని. నీ పేపరు అక్కడ ఎవరు చదువుతారు?"

పొద్దున నా సాక్సూ తన సాక్సూ కలిపి ఒకే ఉండగా చుట్టి మురిసిపోయిన మనిషే ఈ మాటన్నాడు. మూడేళ్లు చదివి రాసింది నోటితో నేనే అబద్ధం చేసుకోవాలట. జవాబు చెప్పకుండా స్టవ్ వైపు తిరిగి, ఉండలు పిండిలో ముంచి నూనెలోకి విసిరినట్టే వేశాను. ఒకటి టప్పున చిట్లింది. పూర్ణమంతా బయటికొచ్చి నూనె నల్లబడింది.

"చూశావా, చిట్లింది. పైపిండి పల్చనైంది," అన్నారు మావయ్యగారు వెనకనుంచి.

మంట తగ్గించి ఆయన వైపు తిరిగాను. "ఇందాకటి వాయికి వంక లేదన్నారు. దీనికి పెట్టారు."

"చిట్లినదాన్ని చిట్లిందనే కదా అంటాను."

"అనండి. ఇది చిట్లిందని అనగలిగారు కాబట్టే ఇందాక మెచ్చుకున్నదానికి విలువ. ఏం జరిగినా వంక పెట్టకూడదని ముందే అనుకుని ఉంటే, మీరు నా బూరెల్ని మెచ్చుకున్నట్టు కాదు. కొత్త కోడలు కదాని ఊరుకున్నట్టు. దేవుణ్ని కూడా మీరు అలాగే మెచ్చుకుంటున్నారు."

సుధీంద్ర ఇందూ అంటూ ఏదో అనబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపారు. ఫోన్ తీసుకుని మళ్లీ బాల్కనీలోకి వెళ్లారు. తిరిగొచ్చినప్పుడు కూడా ఆ కోపం అలాగే ఉంది.

"మెసేజ్ తీసేశాను. నిరూపించిందని కాదు, నిరూపించగలమా అన్నదాని మీద మాట్లాడుతుందని పెట్టాను. నువ్వు రాసింది నువ్వే చెప్పు. అది తప్పని అందరి ముందూ నేను తేలుస్తాను."

"దేంతో తేలుస్తారు?"

ఆయన నా చేతిలోని గరిటె అందుకున్నారు.

"తర్కంతోనే," అన్నారు కటువుగా. "ముందు వరసలో కూర్చుంటాను. మొదటి ప్రశ్న నాదే."

చిట్లిన బూరెను తనే గరిటెతో తీసి ప్లేటులో వేసుకున్నారు.

సుధీంద్ర ఊపిరి పీల్చుకుని, అయితే రేపు కారు తను తీస్తానన్నాడు.

"అక్కర్లేదు," అన్నాను. "రేపు మావయ్యగారూ నేనూ ఆటోలో వెళ్తాం. దారంతా మాకు పోట్లాట ఉంది. నువ్వు ఇంట్లో కూర్చుని సాక్సులు చుట్టుకో."